గోడ చాటుకి వెళ్ళాక కూడా ఎందుకు చస్తాం?

ఆన్‌లైన్ షూటింగ్ గేములు ఆడేవాళ్ళందరికీ తెలిసిన మంట ఒకటుంది. శత్రువు కనిపించాడు, మీరు పరిగెత్తి గోడ చాటుకి వచ్చేశారు, ఒళ్ళంతా గోడ వెనకే ఉంది. అప్పుడు చచ్చిపోయారు. "వాడు హ్యాక్ వాడుతున్నాడు" అంటాడు ఒకడు, "సర్వర్ చెత్త" అంటాడు ఇంకొకడు, "నెట్ స్లోగా ఉందేమో" అంటారు ఇంట్లోవాళ్ళు. చాలాసార్లు ఈ మూడిట్లో ఏదీ నిజం కాదు. హ్యాక్ లేదు, నెట్ 300 ఎంబీపీఎస్ వస్తోంది, సర్వర్ తన పని సరిగ్గానే చేసింది. దాని లెక్క ప్రకారం మీరు చావాల్సిందే.

ఆ లెక్కేమిటో వేసి చూద్దాం. మీరు విజయవాడలో మొబైల్ డేటా మీద ఆడుతున్నారు, సర్వర్ ముంబైలో ఉంది. మీ పింగ్ 60 మిల్లీసెకన్లు. అంటే మీ ఫోన్ నుంచి సర్వర్‌కి కబురు వెళ్ళి, జవాబు తిరిగి రావడానికి అంత పడుతోంది. ఒకవైపుకి 30 వేసుకుందాం. మిమ్మల్ని కాల్చినవాడి పింగ్ 80, ఒకవైపుకి 40. మీరు గోడ అంచున, ఇంకా బయటే ఉన్న క్షణాన్ని సున్నా అనుకోండి.

మీరు ఎక్కడున్నారన్న సమాచారం 30కి సర్వర్‌కి చేరింది, 70కి వాడి ఫోన్‌కి చేరింది. వాడి గేమ్ దాన్ని వెంటనే చూపించదు. ప్యాకెట్లు, అంటే నెట్ మీద వెళ్ళే డేటా ముక్కలు, ఒక్కోసారి త్వరగా, ఒక్కోసారి ఆలస్యంగా వస్తాయి కాబట్టి, ఎదుటివాళ్ళ కదలిక కుదుపుల్లేకుండా కనబడటానికి కాస్త ఆగి, రెండు ప్యాకెట్ల మధ్య దారిని తనే పూడ్చి చూపిస్తుంది. దానికో 50 వేసుకోండి. అంటే 120వ మిల్లీసెకను దగ్గర, వాడి తెర మీద మీరు ఇంకా గోడ బయటే ఉన్నారు. వాడు గురి ముందే పెట్టుకుని ఉన్నాడు, నొక్కాడు. ఆ నొక్కుడు 160కి సర్వర్‌కి అందింది. సర్వర్ తన దగ్గర దాచుకున్న పాత స్థానాలు తీసి, వాడు నొక్కినప్పుడు వాడి తెర మీద ఏం కనిపిస్తోందో వెనక్కి తిప్పి చూసుకుంది. గురి సరిగ్గా ఉంది. మీ ప్రాణం తీసేసి, ఆ కబురు మీకు పంపింది. మీకది 190కి చేరింది. సెకనుకి 5 మీటర్లు పరిగెత్తే పాత్ర 190 మిల్లీసెకన్లలో దాదాపు ఒక మీటరు వెళ్తుంది. మీరు అప్పటికే గోడకి మీటరు లోపల ఉన్నారు.

రెండు తెరలూ తమ తమ లెక్కలో నిజమే చూపించాయి. ఎవరో ఒకరికి అన్యాయం జరగక తప్పదు. కాల్చినవాడి తెరని నమ్మితే గోడ చాటున ఉన్నవాడు మండిపడతాడు, మీ తెరని నమ్మితే తల మీద సరిగ్గా గురిపెట్టి కొట్టినవాడు మండిపడతాడు. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అర్థం చేసుకోవాల్సింది ఇదే: ఆలస్యాన్ని కొంత తగ్గించగలరు గానీ పూర్తిగా తీసెయ్యలేరు. మిగిలిపోయినదాన్ని ఎవరి ఖాతాలో వెయ్యాలో తేల్చడమే గేమ్ తయారుచేసేవాళ్ళ పని.

ఈ లెక్కల వెనక పాతికేళ్ళ పైబడిన చరిత్ర ఉంది. 1996లో ఇడ్ సాఫ్ట్‌వేర్ వాళ్ళ షూటింగ్ గేమ్ క్వేక్ వచ్చినప్పుడు, మీరు కీ నొక్కితే ఆ సంగతి సర్వర్‌కి వెళ్ళి, అక్కడ లెక్క జరిగి, తిరిగి వచ్చాకే తెర మీద మనిషి కదిలేవాడు. ఆఫీసులో ఒకే కేబుల్ మీద ఆడుకుంటే ఏ ఇబ్బందీ లేదు. ఇంటి నుంచి మోడెమ్ మీద ఆడితే మాత్రం అడుగు వేసిన ప్రతిసారీ సెకనులో పావు వంతు ఆగాల్సి వచ్చేది. అదే ఏడాది డిసెంబరులో ఆ కంపెనీ ప్రోగ్రామర్ జాన్ కార్మాక్ క్వేక్‌వరల్డ్ అనే సవరించిన రూపం విడుదల చేశాడు. సర్వర్ అనుమతి కోసం చూడకుండా మీ కంప్యూటరే మిమ్మల్ని కదిలించేస్తుంది, సర్వర్ తర్వాత సరిచూస్తుంది. ఊహ కుదిరితే మీకేమీ తెలియదు. కుదరకపోతే ముందుకు పరిగెత్తిన మనిషిని ఎవరో వెనక్కి గుంజినట్టు పాత చోటికి లాగేస్తుంది. గేమర్లు రబ్బర్‌బ్యాండింగ్ అని తిట్టుకునేది దీన్నే.

నడక సమస్య తీరింది గానీ తూటాల సమస్య అలాగే ఉండిపోయింది. మీకు కనిపించే శత్రువు పాత శత్రువు కాబట్టి, మీ పింగ్ ఎంతో మనసులో లెక్కగట్టుకుని అతనికి కాస్త ముందు కాల్చాల్సి వచ్చేది. వాల్వ్ కంపెనీ హాఫ్-లైఫ్, కౌంటర్-స్ట్రైక్ ఆటల్లో సర్వర్ కాలాన్ని వెనక్కి తిప్పి చూసే పద్ధతి పెట్టింది. ఆ కంపెనీ ఇంజనీరు యాన్ బెర్నియర్ 2001లో దాన్ని ఒక పత్రంగా రాశాడు. మూల తిరిగాక చావడం అనే చిక్కు ఇందులో ఉందని దాచకుండా చెప్పాడు కూడా. కొట్టినవాడికి తగలాలి, అదే ముఖ్యం అనుకున్నారు. ఇవాళ్టి షూటింగ్ గేముల్లో చాలావరకు ఆ తీర్పే నడుస్తోంది.

దీనికి ఇంకో కొస కూడా ఉంది. మూల దగ్గర కాపు కాసేవాడికే లాభమని మనం అనుకుంటాం. ఆన్‌లైన్‌లో బయటికి దూకినవాడికి లాభం. తన కదలిక తన తెర మీద అప్పటికప్పుడే కనిపిస్తుంది, కాపు కాసేవాడికి ఆ దూకుడు నూరు మిల్లీసెకన్లు ఆలస్యంగా కనిపిస్తుంది. 2020లో వాలరెంట్ విడుదల చేసిన రయట్ గేమ్స్ దీని మీదే బాగా ఖర్చు పెట్టింది. సర్వర్లు సెకనుకి 128 సార్లు లెక్క చేసేలా పెట్టుకుంది, 70 శాతం ఆటగాళ్ళకి పింగ్ 35 మిల్లీసెకన్ల లోపు ఉండాలని లక్ష్యం పెట్టుకుంది.

కొట్లాట గేముల్లో లెక్క వేరు. అక్కడ ఒక్కో ఫ్రేము, అంటే తెర మీద పడే ఒక్కో బొమ్మ, 16.7 మిల్లీసెకన్లు, రెండు మూడు ఫ్రేముల తేడాతో దెబ్బ తప్పుతుంది. 2006లో టోనీ కానన్ తయారుచేసిన జీజీపీఓ పద్ధతిలో, ఎదుటివాడు ఇందాక ఏ బటన్ నొక్కి ఉంచాడో ఇప్పుడూ అదే నొక్కి ఉంటాడని మీ మెషీన్ ఊహించుకుని ఆట నడిపేస్తుంది. ఊహ తప్పితే కొన్ని ఫ్రేములు వెనక్కి వెళ్ళి, మళ్ళీ లెక్కగట్టి, ఇప్పటి ఫ్రేముకి వచ్చేస్తుంది. అంతా కన్ను ఆర్పేలోపే. నష్టం బొమ్మ ఖాతాలో పడుతుంది: ఎత్తిన కాలు కనబడకుండా దెబ్బ తగిలినట్టు ఒక చిన్న గెంతు.

ఈ చరిత్రలో నాకు బాగా నచ్చేది మాత్రం 1997 నాటి ఏజ్ ఆఫ్ ఎంపైర్స్. 28.8 కేబీపీఎస్ మోడెమ్ మీద వందలాది సైనికులతో యుద్ధం నడపాలి. ఒక్కొక్క సైనికుడి స్థానం పంపే ప్రసక్తే లేదు. అందుకని ఆటగాళ్ళ ఆజ్ఞలు మాత్రమే పంపి, వాటిని అన్ని కంప్యూటర్లలోనూ కాసేపయ్యాక ఒకేసారి అమలు చేశారు. నష్టాన్ని అందరికీ సమానంగా పంచారన్నమాట. తర్వాత ఆ బృందం రాసుకున్న అనుభవం ఏమిటంటే, ఆజ్ఞకి 250 మిల్లీసెకన్లు పట్టినా ఎవరూ గమనించలేదు, 500 దాకా హాయిగా ఆడుకున్నారు. ఒకసారి 80, ఇంకోసారి 500 అయితే మాత్రం గోల మొదలయ్యేది. నిలకడగా ఉన్న ఆలస్యానికి చెయ్యి అలవాటు పడిపోతుంది. పింగ్ ఎంత అని మాత్రమే చూసేవాళ్ళు, అది ఎంత ఊగుతోందో కూడా చూడాలి. ఆ ఊగడాన్నే జిట్టర్ అంటారు.

ఎంబీపీఎస్ ఎందుకు పనికిరాదు

ప్లాన్ 100 నుంచి 300కి మార్చితే ల్యాగ్, అంటే ఈ ఆలస్యం, పోతుందని నమ్మి డబ్బు పెట్టేవాళ్ళు చాలామంది. హైదరాబాద్ నుంచి విజయవాడకి బస్సు ఐదు గంటల్లో వెళ్తుందనుకుందాం. ఒకటికి బదులు పది బస్సులు వేస్తే ఎక్కువ మంది వెళ్తారు, కానీ ఏ ఒక్కరూ ఐదు గంటల కన్నా ముందు చేరరు. ఎంబీపీఎస్ అనేది బస్సుల సంఖ్య. గేమ్ పంపేది సెకనుకి కొన్ని డజన్ల చిన్న ప్యాకెట్లే, వాటికి ఒక ఎంబీపీఎస్ కూడా అక్కర్లేదు. వాటికి కావాల్సింది త్వరగా చేరడం.

త్వరగా అంటే ఎంత? దీనికి ప్రకృతి పెట్టిన హద్దు ఉంది. గాజు తీగలో వెలుగు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లే వెళ్తుంది, శూన్యంలో వెళ్ళేదాంట్లో మూడింట రెండు వంతులు. అంటే ప్రతి వెయ్యి కిలోమీటర్లకీ పోనూ రానూ 10 మిల్లీసెకన్లు. హైదరాబాద్ నుంచి ముంబై రోడ్డు మీద 700 కిలోమీటర్లు, కనీసం 7 మిల్లీసెకన్లు. వాస్తవంలో 20, 30 వస్తుంది. కేబుల్ తిన్నగా వెళ్ళదు, మధ్యలో రూటర్లు ఉంటాయి, మీ నెట్ కంపెనీ గేమ్ సర్వర్ ఉన్న నెట్‌వర్క్‌తో ఏ ఊళ్ళో కలుస్తుందో మీ చేతిలో లేదు. ఒకే వీధిలో రెండు కంపెనీల కనెక్షన్లు పెట్టుకున్న ఇద్దరికి పింగ్‌లో 30 మిల్లీసెకన్ల తేడా రావడం వింతేమీ కాదు.

చెన్నై నుంచి సింగపూర్‌కి 2002లో వేసిన ఐ2ఐ సముద్ర కేబుల్ పొడవు సుమారు 3,200 కిలోమీటర్లు. దాని మీదే పోనూ రానూ 32 మిల్లీసెకన్లు. మన ఆటగాళ్ళు చాలా ఏళ్ళు సింగపూర్ సర్వర్లలోనే ఆడారు, ముంబైలో సర్వర్లు పెట్టాక ఆ 32 ఒక్కసారిగా లేకుండా పోయింది. ఎంత ఖరీదైన ఫోన్ కొన్నా రాని లాభం అది.

విశాఖలో గూగుల్ 1,500 కోట్ల డాలర్లతో పెడతానని 2025 అక్టోబరులో ప్రకటించిన డేటా కేంద్రంతో పాటు సముద్ర కేబుళ్ళు కూడా అక్కడ ఒడ్డుకి వస్తాయన్నారు. దీంతో ఆంధ్రాలో ల్యాగ్ అనేదే ఉండదని అనుకునేవాళ్ళు ఒక చిన్న కూడిక చేసుకోవాలి. విశాఖ నుంచి చెన్నైకి 800 కిలోమీటర్లు. అక్కడిదాకా వెళ్ళకుండా నేరుగా సముద్రంలోకి దిగితే కలిసొచ్చేది మహా అయితే 8 మిల్లీసెకన్లు. గేమ్ సర్వరే మన దగ్గరికి వస్తే మాత్రం కథ వేరు.

2025 సెప్టెంబరు 6న జెడ్డా సమీపంలో ఎర్ర సముద్రంలో కేబుళ్ళు తెగినప్పుడు ఇదంతా కళ్ళకి కట్టింది. ఇంటర్నెట్ ఆగిపోలేదు. డేటా వేరే దారులు వెతుక్కుంది, ఆ దారులు పొడవు. మధ్యప్రాచ్యం మీదుగా వెళ్ళే ట్రాఫిక్‌కి ఆలస్యం పెరిగిందని మైక్రోసాఫ్ట్ తన క్లౌడ్ వినియోగదారులకి చెప్పింది. వీడియో చూసేవాళ్ళకి తేడా తెలిసి ఉండకపోవచ్చు, అవతలి ఒడ్డు సర్వర్ల మీద గేమ్ ఆడేవాళ్ళకి తెలిసి ఉంటుంది.

దూరం మన చేతిలో లేదు, ఇంట్లో క్యూ మాత్రం మన చేతిలోనే ఉంది. పక్క గదిలో ఎవరో పెళ్ళి వీడియోలన్నీ క్లౌడ్‌కి ఎక్కిస్తున్నారు, మీ పింగ్ 25 నుంచి 400కి ఎగిరింది. ఎందుకంటే రూటర్‌లోనో మోడెమ్‌లోనో పంపాల్సిన డేటా వరస కట్టే జాగా ఒకటుంటుంది. అది ఒక మెగాబైటు అనుకుంటే, 8 మెగాబిట్లు. మీ అప్‌లోడ్ 20 ఎంబీపీఎస్ అయితే ఆ వరస ఖాళీ కావడానికి 400 మిల్లీసెకన్లు పడుతుంది. మీ గేమ్ ప్యాకెట్ వచ్చి దాని చివర నిలబడుతుంది. జిమ్ గెటిస్ అనే ఇంజనీరు 2010 ప్రాంతంలో తన ఇంట్లోనే ఈ తంతు పట్టుకుని దీనికి బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టాడు. మీ ఇంట్లో ఉందో లేదో చూడటం తేలిక. కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఏదైనా దగ్గరి సర్వర్‌కి పింగ్ ఆపకుండా నడుస్తూ ఉండనివ్వండి, ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ కొట్టండి. అప్‌లోడ్ భాగం వచ్చినప్పుడు అంకెలు పదింతలైతే రోగం తెలిసినట్టే. కొన్ని రూటర్లలో ఎస్‌క్యూఎం అనే సెట్టింగ్ ఉంటుంది. వేగాన్ని అసలుకన్నా పది శాతం తక్కువకి కట్టి అది ఆన్ చేస్తే, పెద్ద డేటా వెనక్కి తగ్గి చిన్న ప్యాకెట్లకి దారి ఇస్తుంది. ఆ రూటర్ లేకపోతే ఆట వేళల్లో అప్‌లోడ్లు ఆపించడం, వైఫై మానేసి కేబుల్ గుచ్చుకోవడం. ఈ రెండూ మీ ప్లాన్ అప్‌గ్రేడ్ కన్నా ఎక్కువ పనిచేస్తాయి, పైగా ఖర్చు లేనివి.

తలకి అబద్ధం చెప్పలేం

వీఆర్ (వర్చువల్ రియాలిటీ, కళ్ళకి హెడ్‌సెట్ పెట్టుకుని చూసే ప్రపంచం) దగ్గరికి వచ్చేసరికి లెక్క మొత్తం బిగుసుకుంటుంది. మామూలు గేమ్‌లో తెర ఆలస్యమైతే చిరాకు, హెడ్‌సెట్‌లో ఆలస్యమైతే వాంతి.

తల కుడికి తిప్పితే కళ్ళు తమంతట తామే ఎడమకి తిరిగి చూపుని నిలబెడతాయి. లోపలి చెవిలోని నాళాల నుంచి కంటి కండరాలకి ఆ సంకేతం చేరడానికి పట్టేది సుమారు 10 మిల్లీసెకన్లు. పుట్టినప్పటి నుంచి అలవాటైన ఆ కొలతతో పోల్చుకుంటూనే మెదడు హెడ్‌సెట్‌లో బొమ్మని చూస్తుంది. తల కదిలిన క్షణం నుంచి ఆ కదలికకి తగ్గ వెలుగు కంటిలో పడేదాకా 20 మిల్లీసెకన్ల లోపే ఉండాలన్నది ఈ రంగంలో స్థిరపడిన మాట. మామూలుగా పక్కకి చూసినప్పుడు తల సెకనుకి 100 డిగ్రీల వేగంతో తిరుగుతుంది. 20 మిల్లీసెకన్లకి 2 డిగ్రీలు. చెయ్యి చాచి బొటనవేలు నిలబెట్టి చూడండి, దాని వెడల్పు దాదాపు అంతే. ఆలస్యం 100 మిల్లీసెకన్లైతే ప్రపంచం మొత్తం ఐదు బొటనవేళ్ళు పక్కకి జరిగి, తల ఆగాక వచ్చి సర్దుకుంటుంది. గోడలు ఈదుతున్నట్టుంటుంది. చెవి ఒకటి చెబుతుంది, కన్ను ఇంకొకటి చెబుతుంది, మధ్యలో కడుపు తిప్పుతుంది.

ఈ ఆలస్యంలో మొదట నెట్ పాత్రే లేదు. తెరకి ఒక చుక్క పంపడం కన్నా యూరప్‌కి ఒక ప్యాకెట్ త్వరగా పంపగలనని 2012లో కార్మాక్ వాపోయాడు, అదే క్వేక్ కార్మాక్. 2013 నాటి మొదటి ఓక్యులస్ వీఆర్ హెడ్‌సెట్ నమూనాలో తెర సెకనుకి 60 సార్లే మారేది, ఒక్క ఫ్రేముకే 16.7 మిల్లీసెకన్లు ఖర్చు. 2016లో జనానికి అమ్మిన హెడ్‌సెట్లు 90 సార్లకి వచ్చాయి, ఫ్రేముకి 11.1. అసలు ఉపాయం మాత్రం టైమ్‌వార్ప్. గీసిన బొమ్మని తెర మీదికి పంపే చివరి క్షణంలో తల ఇప్పుడు ఎటు తిరిగి ఉందో మళ్ళీ కొలిచి, బొమ్మ మొత్తాన్ని ఆ తేడా మేరకు జరిపేస్తారు. తల తిరగడానికి ఇది అద్భుతంగా పనిచేస్తుంది. తల పక్కకి జరిగితే అంత బాగా కాదు: దగ్గరి స్తంభం వెనక ఏముందో పాత బొమ్మలో లేదు, లేనిదాన్ని జరపలేరు.

కాబట్టి తల లెక్క హెడ్‌సెట్‌లోనే జరిగినంతకాలం నెట్ ఎంత చెత్తగా ఉన్నా మీకు కడుపులో తిప్పదు. వీఆర్ గదిలో స్నేహితుడి బొమ్మ ఆగి ఆగి కదులుతుంది, గోడలు మాత్రం స్థిరంగానే ఉంటాయి. ఇబ్బంది ఎప్పుడంటే, బొమ్మనే వేరే చోట గీసి నెట్ మీద పంపినప్పుడు. తేలికైన, చవకైన హెడ్‌సెట్ తలకి పెట్టి, బరువంతా క్లౌడ్ మీద వేద్దామన్నది పరిశ్రమ పాత కల. బొమ్మ కుదించి, పంపి, విప్పేసరికి 50 మిల్లీసెకన్లు అయిందనుకోండి. తల 5 డిగ్రీలు తిరిగేసింది. టైమ్‌వార్ప్ జరిపితే అంచున నల్ల పట్టీ మిగులుతుంది, అది రాకుండా అవసరానికి మించి వెడల్పుగా గీసి పంపాలి. సరే, అదైనా చెయ్యొచ్చు. చేతుల్ని మాత్రం ఏమీ చెయ్యలేరు. కత్తులు ఊపే బీట్ సేబర్ లాంటి వీఆర్ ఆటలో చెయ్యి సెకనుకి 2 మీటర్ల వేగంతో ఊపితే, 50 మిల్లీసెకన్లలో కత్తి మీ చేతి కన్నా 10 సెంటీమీటర్లు వెనక కనిపిస్తుంది. బొమ్మంతా కలిపి జరిపే ఉపాయం ఆ ఒక్క చేతిని ముందుకి తేలేదు. క్లౌడ్ వీఆర్ నడవాలంటే సర్వర్ అదే ఊళ్ళో, మహా అయితే పక్క ఊళ్ళో ఉండాలి. అమెజాన్ క్లౌడ్ కేంద్రం 2022 నవంబరులో హైదరాబాద్‌కి రావడం లాంటివి ఈ కోణంలో చూస్తే గేమర్లకి కేబుల్ వార్తల కన్నా పెద్ద వార్త. 5జీ ప్రకటనల్లో వినపడే ఒక మిల్లీసెకను మాట పట్టించుకోకండి, అది ఫోన్‌కీ టవర్‌కీ మధ్య ఒక ప్రత్యేక విధానంలో సాధించాల్సిన లక్ష్యం. టవర్ వెనక దారంతా మామూలు దారే.

ఊహకి అందని పనులూ ఉన్నాయి. పరుగు ఒక దిశలో సాగుతుంది, తర్వాతి వంద మిల్లీసెకన్లు ఊహించొచ్చు. ఇద్దరు చేతులు కలపడాన్ని ఊహించడం కష్టం. వీఆర్‌లో మీరు పట్టుకునేది అవతలివాళ్ళ పాత చెయ్యి, వాళ్ళు పట్టుకునేది మీ పాత చెయ్యి. ఒక మనిషి ముందు చెయ్యి కదపకుండా ఉంచితేనే రెండు తెరల మీదా చేతులు కలుస్తాయి.

కలిసి పాడటం ఇంకా కష్టం. గాలిలో ధ్వని 30 మిల్లీసెకన్లలో 10 మీటర్లు వెళ్తుంది, అంతకన్నా దూరంగా కూర్చున్న ఇద్దరు వాద్యకారులు ఒకరినొకరు వింటూ వాయిస్తే లయ నెమ్మదించడం మొదలవుతుంది. న్యూజెర్సీకీ హైదరాబాద్‌కీ మధ్య సుమారు 13,000 కిలోమీటర్లు. గాజులో వెలుగుకే పోనూ రానూ 130 మిల్లీసెకన్లు, కాల్ యాప్ తీసుకునే సమయం కూడా కలుపుకుంటే 300 మామూలే. అక్కడి పిల్లలకి ఇక్కడి నుంచి కర్ణాటక సంగీతం నేర్పే గురువులు ఈ లెక్కలేవీ వెయ్యకుండానే దారి కనిపెట్టారు. కలిసి పాడరు. గురువుగారు ఒక వరస పాడి ఆగుతారు, శిష్యురాలు తన దగ్గరే శ్రుతి పెట్టుకుని, తాళం తనే వేసుకుంటూ పాడుతుంది. ఆమె పాటా తాళమూ ఒకే ఆలస్యంతో వస్తాయి కాబట్టి గురువుగారికి లయ చక్కగానే వినిపిస్తుంది. ఇద్దరికీ మంచి హెడ్‌సెట్లు పెట్టి ఒకే చాప మీద ఎదురెదురుగా కూర్చోబెట్టినా ఈ ఏర్పాటు మారదు. సరళీ వరస మూడో కాలంలో, అంటే తాళంలో అక్షరానికి నాలుగు స్వరాల వేగంతో, అక్షరానికి ఒక సెకను చొప్పున పాడితే ఒక్కో స్వరం 250 మిల్లీసెకన్లు. తప్పు విని గురువుగారు చెయ్యెత్తడానికి ఇంకో 250 వేసుకుంటే, ఆ చెయ్యి శిష్యురాలికి కనిపించేసరికి ఆమె రెండు స్వరాలు దాటిపోయి ఉంటుంది.